మూడో రోజునే తెలిసి ఉంటే

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నీ ప్రాజెక్టు ఏంటో చెప్పగానే నేను మాట మార్చేశాను, గమనించావో లేదో. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లోంచి తీసిన తెమడలో, లోపలి వాపుని పట్టిచ్చే ఇంటర్‌ల్యూకిన్-6, 8 అనే ప్రోటీన్లు ఎంతున్నాయో కొలుస్తున్నామన్నావు. నాకు గొంతు పూడుకుపోయింది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు 27వ వారంలో, 900 గ్రాములతో పుట్టావని నీకు తెలుసు. రెండు వారాలు దాటినా వెంటిలేటర్ మీదే ఉన్నావు. నోట్లో గొట్టం ఉంటే ఏడుపు బయటికి రాదమ్మా. మొహం ముడుచుకునేది, గడ్డం వణికేది, అంతే. నర్సమ్మ సన్నటి పైపు పెట్టి తెమడ లాగేది. చిన్న సీసాలో నాలుగు చుక్కలు, గంజి తేటలా ఉండేవి. అవి పారబోసి చేతులు కడుక్కునేది. నువ్విప్పుడు దాచిపెట్టి చదువుతున్నది ఆ చుక్కల్నే కదా!

ఆక్సిజన్ లేకపోతే బతకవు, ఎక్కువైతే అదే లేత ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది అన్నారు డాక్టరు. మిషన్ ఒత్తిడి, ఇన్‌ఫెక్షన్ తోడైతే లోపల వాపు మొదలై గాలి గదులు ఎదగడం ఆగిపోతుందట. బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అనే పేరు మాత్రం మేము 28వ రోజున విన్నాం. అప్పటికీ ఆక్సిజన్ తియ్యలేకపోతేనే ఆ పేరు పెడతారు. ఎంత తీవ్రమో గర్భంతో కలిపి 36 వారాలు నిండాక గానీ తేల్చరు. 1967లో అమెరికాలో నార్త్‌వే అనే డాక్టరు మొదట వివరించిన జబ్బు అని నువ్వే చెప్పావు. ఇన్నేళ్లయినా ముందే చెప్పే పరీక్ష లేకపోవడం నాకు బాధగా ఉంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 16వ రోజు డాక్టరు డెక్సామెథాసోన్ అనే, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ఇద్దామన్నారు. ఇస్తే మిషన్ తియ్యొచ్చు, కానీ మెదడుకి ప్రమాదం ఉండొచ్చు, కాళ్లూ చేతులూ సరిగా కదల్చలేని సెరిబ్రల్ పాల్సీ రావచ్చు అన్నారు. ఆ మందు లేకుండానే కోలుకునే పిల్లలూ ఉంటారట. నువ్వు ఏ కోవలోకి వస్తావో చెప్పే మార్గం వాళ్ల దగ్గర లేదు. చేసిన రక్తపరీక్ష సీఆర్‌పీ ఒక్కటే. ఒంట్లో ఎక్కడ వాపున్నా అది పెరుగుతుంది, ఊపిరితిత్తుల సంగతి విడిగా చెప్పదు. ఒప్పుకోలు కాగితం మీద మీ నాన్న సగం పేరు రాసి ఆగి నా వైపు చూశారు. నేను తలూపాక మిగతా సగం రాశారు.

పదహారో నెలలో నువ్వు మంచం కోడు వదిలేసి నాలుగడుగులు వేశావు. మీ నాన్న వంటింట్లోకి వెళ్లి గోడకి తిరిగి ఏడ్చారు.

ఏ ఒక్క అంకెనీ నమ్మి ఇంకా మందు ఇవ్వలేమని, వాపుని అణిచే ఇంటర్‌ల్యూకిన్-10 కూడా చూడాలని అన్నావు. తొందరపడకు, సరిగ్గా కొలువు. ఏదో ఒకరోజు, బిడ్డ పుట్టిన మూడో రోజునే, ఆ కాగితం తండ్రి చేతికి ఇవ్వాలా వద్దా అన్నది మీ కొలతలు చెప్పాలి.

చలి మొదలైంది. ఇన్‌హేలర్ హాస్టల్ గదిలో కాదు, బ్యాగులో పెట్టుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ డిశ్చార్జ్ కాగితాలు తీసి ఇస్తాను. ఏ రోజు ఎంత ఆక్సిజన్ పెట్టారో అన్నీ అందులో ఉన్నాయి.

అమ్మ