ఫ్లాపీ లేని సర్వర్‌లో ఫ్లాపీ కోడ్ ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని కంపెనీల సర్వర్లలో ఒక్కోదాని మీద పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు (విడివిడి కంప్యూటర్లలా పనిచేసే సాఫ్ట్‌వేర్ యంత్రాలు) నడుస్తుంటాయి. వాటి మధ్య గోడలా నిలవాల్సిన వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి అవసరం లేని కోడ్ ఎంత వచ్చి చేరిందో కొనేవారు అడగడం లేదు, అమ్మేవారు చెప్పడం లేదు.

2015లో ‘వెనమ్’ పేరుతో బయటపడిన లోపం ఇందుకు నిదర్శనం. కేవీఎం, జెన్ వంటి వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్లు పరికరాల అనుకరణకు వాడుకునే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌లో, ఫ్లాపీ డిస్క్ కంట్రోలర్ కోడ్‌లో 2004 నుంచీ ఆ తప్పు ఉంది. ఫ్లాపీ డ్రైవ్ వద్దని అడ్మిన్ తీసేసినా ఆ కోడ్ పనిచేస్తూనే ఉండేది కాబట్టి, ఒక మెషీన్‌లో చొరబడినవాడు గోడ దాటి హోస్ట్‌లోకి, అంటే అన్నింటినీ నడిపే అసలు సర్వర్‌లోకి, వెళ్లే వీలుండేది.

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయితో కలిసి ఒక హోస్ట్‌లో క్యూఈఎంయూ మీద, ఒక ప్రోగ్రామ్ వాడుకునే లైబ్రరీలను (సిద్ధంగా ఉంచిన కోడ్ భాగాలను) చూపే ‘ఎల్‌డీడీ’ కమాండ్ కొట్టి చూశాను. లైబ్రరీల జాబితా తెర నిండి పైకి జరిగిపోయింది. స్పీకరే లేని సర్వర్‌కు సౌండ్ లైబ్రరీ దేనికని అతడు అడిగితే, ప్యాకేజీతోపాటు వచ్చిందనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. పైగా, ప్రోగ్రామ్ నడుస్తుండగా మధ్యలో లోడయ్యేవి ఆ జాబితాలో కనిపించనే కనిపించవు.

సాఫ్ట్‌వేర్‌లో ఏమేమి ఉన్నాయో తెలిపే బిల్ ఆఫ్ మెటీరియల్స్‌పై కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ టెండర్లలో దాన్ని తప్పనిసరి చేయాలి. అయితే జాబితా ఒక్కటే చాలదు. అదే ఏడాది మార్చిలో దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడిన ఎక్స్‌జెడ్ అనే డేటా కుదింపు లైబ్రరీని, సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేరుగా వాడదు. కొన్ని లినక్స్ పంపిణీలు సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కోసం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు చేర్చిన ప్యాచ్ (కోడ్ మార్పు) వెంట అది లోపలికి వచ్చింది. జాబితాలో దాని పేరు కనబడినా అనుమానించేవారు ఎవరు? కాబట్టి అక్కర్లేనిదాన్ని బిల్డ్ దశలోనే, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసేటప్పుడే, తీసేయాలి. అమెజాన్ 2018లో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ కొద్దిపాటి పరికరాల అనుకరణతోనే సరిపెట్టుకుంది.

మేమూ డిఫాల్ట్ పరికరాలు లేకుండా క్యూఈఎంయూను మళ్లీ బిల్డ్ చేసి, కావాల్సినవి ఒక్కొక్కటిగా కలుపుకున్నాం. ఒక పాత విండోస్ మెషీన్ మాత్రం బూట్ కాలేదు. పాత తరహా డిస్క్‌లను కలిపే ఐడీఈ కంట్రోలర్ ఎవరికి అవసరమో ఆ రోజే తెలిసింది, దాన్ని తిరిగి చేర్చాం.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ ఇంజినీర్,
మియాపూర్, హైదరాబాద్