నీ తలనొప్పి, తమ్ముని వణుకుడు

దేవరకొండ

బిడ్డా,

"మలేరియా ఇద్దరికీ వచ్చింది. తమ్ముడు రోజూ కసరత్తు చేస్తడు, వాడే మంచం పట్టిండు. నాకు ఉత్త తలనొప్పితో పోయింది, ఎట్ల?" అని ఫోన్ల అడిగితివి. జవాబు చెప్పేలోపల నీ బస్సొచ్చె.

మీ ఇద్దరి స్లయిడ్లు నేనే చూసిన. ఉబ్బిన ఎర్రకణం, దాన్ల నీలం ఉంగరం, ఉంగరానికి ఎర్ర చుక్క. మలేరియాల వైవాక్స్ రకమే. తమ్మునికి క్రిములు మస్తు ఉంటయనుకున్న గానీ, ఇద్దరికీ ఇంచుమించు ఒక్కతీరే ఉన్నయి.

రెండు రోజులకొకసారి క్రిములు పెరిగి ఎర్రకణాలు పగిలినప్పుడు చలి పుడుతది, అందుకే రోజు విడిచి రోజు వస్తది. అయితే జ్వరం లేపేది మన ఒళ్లే. పగిలిన కణాలకెళ్లి వచ్చిన చెత్త తగలంగనే తెల్లకణాలు టీఎన్‌ఎఫ్ లాంటి జ్వరం లేపే రసాయనాలు వదులుతయి. ఎంత వదలాలన్నది కొంత జన్యువులను బట్టి ఉంటది. మీ అమ్మ, నేను అవి మీ ఇద్దరికీ సమానంగ పంచలే.

ఆఫ్రికాల ఉన్న గాంబియాల, రోగనిరోధక జన్యువులల్ల ఒకటైన హెచ్‌ఎల్‌ఏ-బీ53 రకం ఉన్న పిల్లలకు మలేరియా ముదురుడు తక్కువని 1991ల చెప్పిన్రు. టీఎన్‌ఎఫ్ జన్యువుల ఒక మార్పు తల్లి దిక్కు, తండ్రి దిక్కు రెండు దిక్కులా వచ్చినోళ్లకు మెదడు మలేరియా ముప్పు ఎక్కువని 1994ల అక్కడనే తేలింది. వేరేచోట్ల చూస్తే మాత్రం అంతటా అట్లనే రాలే. పైగా అవి ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా ముచ్చట్లు, మనింటి వైవాక్స్‌కు అతికించొద్దు.

నాకు ఎక్కువ నచ్చింది ఆఫ్రికాలనే ఉన్న బుర్కినాఫాసో సంగతి. అక్కడ ఫులానీలు, మోసీలు అనే రెండు తెగలోళ్లు ఒక్క ఇలాకలనే ఉంటరు, అవే దోమలు కుడుతయి. అయినా ఫులానీల రక్తంల క్రిములు తక్కువ, యాంటీబాడీలు ఎక్కువ. ఎర్రకణాలను కొడవలి లెక్క వంచి మలేరియాకు అడ్డమొచ్చే సికిల్‌సెల్ జన్యువు కాపాడుతుందందామంటే, అది వాళ్లల్లనే తక్కువ! రోగనిరోధక శక్తి నడిచే తీరే వేరన్నట్టు.

నీకు చిన్నప్పుడు ఒకసారి వచ్చిపోయింది, వానికిదే మొదలు. అది గూడ లెక్కలకు వస్తది. ఒక్క జన్యువు మీద నేను వేలు పెట్టలేను. నాయనమ్మ మాత్రం జొన్నరొట్టె మానినందుకే వాడు పడ్డడంటున్నది. ఆమెతోని వాదించే ధైర్యం నాకు లేదు.

తలనొప్పితో పోయిందని గోళీలు ఆపకు. వైవాక్స్ కాలేయంల దాక్కొని నెలల తర్వాత మళ్ల లేస్తది. ఆ దాక్కున్న క్రిములను చంపే ప్రైమాక్విన్ గోళీ నీకు పడుతదా అని చూసే జీ6పీడీ పరీక్ష మంచిగనే వచ్చింది, ప్రైమాక్విన్ 14 రోజులూ అన్నం తిన్నంక వేసుకో. ఆదివారం మీ అమ్మ వస్తున్నది, గోళీల పట్టి అడిగి మరీ చూస్తది.

నాయన