కుట్టు చీము పడితే ముందు చూడాల్సింది కట్టు కట్టే చేతిని

సంపాదకులకు,

పెద్దాపరేషన్ అయిన బాలింతకు ఐదోరోజున కుట్టు ఎర్రబడి చీము కారుతుంటే, మన గోదావరి జిల్లాల నర్సింగ్ హోముల్లో చాలాచోట్ల ముందు జరిగేది యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మార్చడం. సెఫ్ట్రియాక్సోన్ ఆపి ఇంకా ఖరీదైనది మొదలుపెడతారు. చీము మాత్రం పరీక్షకు వెళ్లదు. ఆ చీములో ఉన్నది ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ (స్టెఫ్) బ్యాక్టీరియా అయితే, ఆ మార్పుతో తల్లికి ఒరిగేదేమీ ఉండదు. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా తన గోడ కట్టుకునే ప్రొటీన్లను పట్టుకుని పనిచేస్తాయి. ఎంఆర్‌ఎస్‌ఏ ఆ పనికి ఈ మందులు అంటుకోని వేరే ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుంది. అందుకే అమోక్సిసిలిన్-క్లావులనేట్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, చివరికి మెరోపెనెమ్ కూడా దాని మీద పనిచేయవు. మెథిసిలిన్ 1959లో వాడకంలోకి వస్తే, 1961కే బ్రిటన్‌లో లొంగని రకం బయటపడింది.

దీన్ని కనిపెట్టే పరీక్ష చిన్న ల్యాబ్‌లోనూ చేయొచ్చు. చీములోని క్రిమిని పెంచే కల్చర్ ప్లేటు మీద 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ మందున్న చిన్న బిళ్ల (డిస్క్) పెడతారు. చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 21 మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే అది ఎంఆర్‌ఎస్‌ఏ. తప్పు ఎక్కువగా ల్యాబ్‌కు చేరకముందే జరుగుతుంది. గాయం పైపైన దూదిపుల్లతో తుడిస్తే చర్మం మీది క్రిములే వస్తాయి. ముందు సెలైన్‌తో కడిగి, లోతులోంచి సిరంజితో చీము లాగాలి. అదీ కొత్త మందు పడకముందే. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. లంక గ్రామాల నుంచి వచ్చే కేసుల్లో సాయంత్రం తీసిన శాంపిల్ మర్నాటి బస్సుకు వెళ్తే ఫలితాన్ని నమ్మలేం. ఇంకో మాట: ఎంఆర్‌ఎస్‌ఏకు వాడే వాంకోమైసిన్‌కు డిస్క్ పరీక్ష పనికిరాదు. డిస్క్ చూసి ఇచ్చిన రిపోర్టు ఏది వచ్చినా డాక్టర్లు ఎంఐసీ, అంటే క్రిమి పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు ఎంతో, అడగాలి.

ఇక వ్యాప్తి సంగతి. దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురి ముక్కులో మామూలు స్టెఫ్ ఉంటుంది. వార్డులో అది ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేది ప్రధానంగా చేతుల మీదుగా, డ్రెస్సింగ్ ట్రాలీ మీదుగా. ఒకే గ్లవ్స్‌తో నాలుగు కట్లు మార్చడం, అదే చేయి దూది డ్రమ్ములో పెట్టడం, స్టెరైల్ వస్తువులు తీసే పట్టకారు (చీటిల్ ఫోర్సెప్స్) ఉంచిన జాడీలో సావ్లాన్ రోజుల తరబడి మార్చకపోవడం, సూది గుచ్చి వదిలేసిన సెలైన్ సీసాతోనే అందరి గాయాలూ కడగడం: రోగం ఇక్కడ అంటుతుంది. శుభ్రమైన కుట్లు ముందు, చీము పట్టినవి చివర చూడాలి. మనిషికొక స్టెరైల్ ప్యాక్ విప్పాలి. గ్లవ్స్ తీశాక కూడా చేతులకు హ్యాండ్‌రబ్ పట్టించి 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. ముక్కులో క్రిమి దొరికిందని నర్సును పనిలోంచి తీసేయడం అన్యాయం; ఆమె చేతికందేలా ప్రతి మంచం దగ్గరా హ్యాండ్‌రబ్ సీసా పెట్టడం యాజమాన్యం బాధ్యత.

ఖర్చు అడ్డమంటే, హ్యాండ్‌రబ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో ఆసుపత్రి ఫార్మసిస్టే చేయొచ్చు. 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7,515 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, 98 శాతం గ్లిజరిన్ 145. మరిగించి చల్లార్చిన నీళ్లతో 10 లీటర్లు చేయాలి. సీసాల్లో మిగిలిపోయిన బ్యాక్టీరియా బీజకణాలు చావడానికి 72 గంటలు ఆగి వాడాలి. నిప్పుకు దూరంగా ఉంచాలి.

ట్రాలీలకు, మంచం కమ్మీలకు ముందు సబ్బునీళ్లు, తర్వాత లీటరుకు 3 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. చీము, నెత్తురు ఒలికిన చోట 30 గ్రాములు. మురికి తీయకుండా బ్లీచింగ్ పోస్తే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. మన డెల్టా తేమకు విప్పిన సంచి త్వరగా చచ్చుబడుతుంది కాబట్టి మూత బిగిసే డబ్బాలో ఉంచి, ద్రావణం ఏరోజుకారోజు కలపాలి.

ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి బ్లేడుతో గొరగడం మానాలి. ఆ చిన్న గాట్లలోనే స్టెఫ్ పెరుగుతుంది. తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో, అదీ ఆపరేషన్‌కు సరిగ్గా ముందే. చీము పట్టకుండా ముందుగా ఇచ్చే యాంటీబయాటిక్ సెఫజోలిన్ 2 గ్రాములు కోతకు ముందు గంటలోపు పడాలి. ఆ తర్వాత ఐదు రోజులు, ఏడు రోజులు ఇంజెక్షన్లు కొనసాగిస్తే చీము తగ్గదు, లొంగని క్రిములు పెరుగుతాయి.

రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపిస్తే సరుకు వెనక్కి వస్తుందని భీమవరం, ఆకివీడు రైతులకు తెలుసు. పట్టుబడికి ముందే రొయ్యలకు పరీక్ష చేయిస్తారు. బాలింత కుట్టుకు ఆపాటి పరీక్ష చేయించలేమా?

2002 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంస్థల (నమోదు, నియంత్రణ) చట్టం కింద ప్రైవేటు ఆసుపత్రుల నమోదు జిల్లా అధికారుల చేతిలో ఉంది. రెన్యువల్‌కు వచ్చినప్పుడు చీము పట్టిన కుట్ల రిజిస్టరు, కల్చర్ రిపోర్టులు చూపమని అడగాలని కోరుతున్నాం. డిశ్చార్జి రోజున కల్చర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకుని, మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరుకు ముందుగా చూపమని రోగుల బంధువులకు మా మనవి.

— కొందరు ల్యాబ్, నర్సింగ్ ఉద్యోగులు,
కోనసీమ