పిల్లలకు మనోధైర్యం లేదట!

సంపాదకులు గారికి,

ఒడిశా రాష్ట్ర స్థాయి వెయిట్‌లిఫ్టింగ్ పోటీల నుంచి మన గంజాం జిల్లా ఆడపిల్లలు వట్టి చేతులతో తిరిగొచ్చారన్న వార్త మీ పత్రికలో పది రోజుల కిందట చదివాను. ఆటన్నాక గెలుపోటములు మామూలే. కానీ ఆ వార్త చివర ఒక అధికారి గారు సెలవిచ్చిన మాటే మింగుడుపడలేదు. పిల్లల్లో సత్తా ఉందట, మనోధైర్యమే లేదట! మా ఆవిడ ‘మీరు రాస్తే ఎవరు చదువుతారు’ అనడంతో పంతం పట్టి ఇవాళ రాస్తున్నాను.

కుర్రతనంలో నేనూ బరంపురం వ్యాయామశాలలో బరువులెత్తినవాణ్నే. పేరు పిలిచాక లిఫ్టర్‌కు దొరికేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ధ్యాస బార్ (బరువుల కడ్డీ) మీద నుంచి ఎదురుగా కూర్చున్న జనం మీదికి పోయిందా, పని అయిపోయినట్టే. స్నాచ్, అంటే బరువును నేల మీద నుంచి ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం, రెండు మూడు సెకన్ల పని. వేలసార్లు చేసి ఒంటికి అలవాటైన దాన్ని ఆ క్షణంలో బుర్ర అజమాయిషీ చేయబోతే భుజాలు బిగుసుకుంటాయి, మోచెయ్యి మడత పడుతుంది. ఇది పిరికితనం కాదండీ.

మన దేశ లిఫ్టర్ మీరాబాయి చాను 2016లో రియో ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ (బరువును ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ తప్పింది. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయింది. టోక్యో ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో కలిపి 202 కిలోలెత్తి వెండి పతకం తెచ్చింది. రియోలో లేని బలం ఏడాదిలో ఆకాశం నుంచి ఊడిపడిందా? రియో తర్వాత ఆవిడ మానసిక నిపుణుల సాయం తీసుకుంది. స్నాచ్ నేర్పినట్టే దీన్నీ ఎవరో ఒకరు నేర్పాలి.

అంతదూరం ఎందుకు? 2023 జనవరిలో మన భువనేశ్వర్‌లోనే ప్రపంచకప్‌లో భారత హాకీ జట్టు న్యూజిలాండ్ మీద 3-1తో ముందుండి కూడా, స్కోరు సమమై, చివరికి షూటౌట్‌లో (ఒక్కొక్కరుగా గోల్‌కీపర్‌ను ఎదుర్కొనే పోరులో) ఓడింది. 2011లో ప్రపంచకప్ గెలిచిన మన క్రికెట్ జట్టుతో పనిచేసిన ప్యాడీ ఆప్టన్‌ను ఆ తర్వాత మానసిక శిక్షణకు పిలిపించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన సుందర్‌గఢ్ అబ్బాయి అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడితే, పది మందితోనే నిలబడి బ్రిటన్‌ను అదే షూటౌట్‌లో గెలిచారు. ఆ జాతీయ జట్టును 2018 నుంచి పోషిస్తున్నది మన రాష్ట్రమే. సంతోషం. అందులో వందో వంతు శ్రద్ధ గంజాం దాకా రావడానికి రైలు దొరకలేదు కాబోలు.

మా వీధి అమ్మాయి కూడా ఆ పోటీలకు వెళ్లింది. రాత్రంతా బస్సులో నిలబడే ప్రయాణం. తెల్లారి బరువు తూచేదాకా ఖాళీ కడుపు. పైగా వేదిక ఎక్కబోయే ముందు ‘పతకం లేకుండా ఊళ్లోకి రాకండి’ అని వెంట వెళ్లిన పెద్దమనిషి దీవెన! శిక్షణ శిబిరం ప్రారంభోత్సవంలో గంటన్నర ఉపన్యాసాలిచ్చి పిల్లల్ని ఎండలో నిలబెట్టినవాళ్లకు, నెల తిరక్కుండానే వాళ్లలో ధైర్యం కనపడలేదు. మా మనవరాలు చదివే తెలుగు బడిలో వ్యాయామం మాస్టారి కుర్చీ ఎప్పటి నుంచో ఖాళీ. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతున్నారు, ఆ లెక్కలకూ సరైన మాస్టారు లేరనుకోండి. పోటీల దరఖాస్తు ఒడియాలో వస్తే పూర్తిచేయడానికి పక్కింటివాళ్లను బతిమాలుకోవాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం తెచ్చిన కె.రవికుమార్ పుట్టిన ఊరండీ ఇది!

ధైర్యం గురించి అంత తెలిసిన ఆ అధికారి గారు ఒక ఆదివారం పొద్దున్నే, టిఫిన్ చేయకుండా మా వ్యాయామశాలకు రావాలని నా మనవి. ఆడపిల్లల బార్ 15 కిలోలే. ప్లేట్లేమీ వేయం. ఖాళీ బార్‌ను స్నాచ్ చేసి చూపిస్తే చాలు. ఊళ్లోవాళ్లమంతా చుట్టూ నిలబడి చూస్తాం.

— ఒక పాత లిఫ్టర్, బరంపురం