గొర్రె నేర్పిన పాఠం, మామా

ఒరేయ్ మామా,

ముందు తిట్టేది తిట్టేసుకో, ఆనక చదువు. సంక్రాంతికి రాస్తానన్నోడిని ఇప్పుడు రాస్తన్నా, తప్పే. నాయిన షుగర్ పర్లేదు, పాప ఎల్‌కేజీలో చేరింది, నేను అట్నే ఉన్నా. అయిపోయినాయి వార్తలు. ఇంకోటుంది, ఇక్కడెవరికి చెప్పినా పరువు పోద్ది, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతా ఉంది.

ఉదయగిరి కాడ తాత పెంకుటిల్లు బాగుచేయించాం కదా. తాటి దూలాలు కదిలించలా, గోడలకి సున్నమే, కింద పాత కడప బండలే. అంతా అయినాక మీ చెల్లెలు ఫోన్లో ఊటీ చెక్క కాటేజీల ఫొటోలు చూసి హాల్లో రగ్గు లేకపోతే ఇల్లు బోసిగా ఉందనింది. సరే కదా అని ఆన్‌లైన్‌లో జనపనారది తెప్పించా, 5 అడుగులు బై 8. హాలేమో 14 బై 18. పరిచి చూస్తే మన వార్డెన్ గుండు మీద ఆ నాలుగెంట్రుకలు ఎట్టుండేయో అట్టుంది. సోఫా కాలు ఒక్కటన్నా తగల్లా దానికి. కనీసం ముందుకాళ్లన్నా రగ్గు మీదకి రావాలంట, అప్పుడే సామాన్లన్నీ ఒకచోట చేరి కబుర్లాడుకుంటున్నట్టుంటది. కొనకముందే నేల మీద ముగ్గుపిండితో గీసి చూసుకోనుంటే సరిపోయేది, ఆ బుద్ధి అప్పుడు యాడికి పోయిందో.

నాయిన ఒకటే మాట: "నాలుగు వేలు పెట్టి గోనెపట్టా కొన్నావా?" కాదనేదానికి లేదు, రెండూ జనపనారే! దానికి తోడు నవంబర్లో వాయుగుండం, వారం ముసురు, బండలు చెమర్చి ఇల్లంతా తడిసిన గోతం వాసన. నీ శ్రీశైలం బ్యాగు గుర్తొచ్చింది. ఇంక ఆ బ్యాగు సంగతి వదిలెయ్.

ఇప్పుడు అసలు కత. నార కాదు, ఉన్నిదైతే బాగుంటది అనుకున్నా. నెల్లూరు గొర్రె అంటే దేశమంతా పేరు, ఇంట్లో పెట్టుకోని బయట కొనడమేందని జీవాలు మేపే పెద్దాయన కాడికి పోయి, "ఒక రగ్గుకి ఎన్నిటి ఉన్ని కావాల్సొస్తది?" అని అడిగినా, పెద్ద ఇంజనీరు లెక్కన. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒక జోడిపి రకం గొర్రెని మెడ పట్టి నా ముందుకి లాగి, "ఉన్ని యాడుందో నువ్వే చూపించు సామీ" అన్నాడు. నిమిరితే ఏముంది, కుక్క ఒళ్లు మాదిరి పొట్టి బొచ్చు! నెల్లూరు గొర్రెల్లో పల్ల రకం అయినా జోడిపి అయినా డోర అయినా అంతేనంట, మాంసానికే మేపేది. గొంగళ్లు నేసేది దక్కనీ గొర్రె ఉన్నితో, అవి అటు తెలంగాణ, రాయలసీమ పక్క ఉంటాయి. పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, గొర్రెని చూడలేదంటరా నేను? పక్కన పిల్లోడొకడు నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. పెద్దాయన మాత్రం నవ్వలా, "ఈ ఎండలకి గొర్రే వొద్దనుకున్న ఉన్ని నీకెందుకు సామీ" అన్నాడు.

ఆ మాట తలకెక్కిందిరా. ఊటీలో చలికి నేల జిల్లుమంటది కాబట్టి వాళ్లకి మందం ఉన్ని కావాల. రోహిణి కార్తెలో మనకి ఆ బండ చల్లదనమే కదా ఏసీ.

చివరికి వరంగల్ దర్రీ, అదే జంపఖానా, తెప్పించా. నూలుది, పల్చన, రెండుపక్కలా వాడుకోవచ్చు, 2018లో జీఐ గుర్తింపు, అదే ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర, అది కూడా వచ్చిందిలే దానికి. నల్ల బండ మీద ఇటిక రంగు చారలు, చూస్తే నువ్వు కూడా నోరు మూసుకుంటావు. నున్నటి బండ మీద జారతంది, అవ్వ ఒకసారి తూలింది కూడా, అందుకని కింద రబ్బరు జాలీ వేయించా. అయినా మధ్యాన్నం అయితే చాలు, అవ్వ దర్రీ చుట్టి గోడకి ఆనించి బండ మీదే పడుకుంటంది. ఏమంటాం.

మీ చెల్లెలు ఇప్పుడు ఏలూరు తివాచీ చూసొద్దామంటంది, అది ఉన్నిదే. నేను గొర్రె మాట ఎత్తా, అంతే, ఆమె

కరెంటు పోయింది మామా, ఫోన్లో నాలుగు శాతమే ఉంది, పంపించేస్తన్నా