హాలీ రూపాయిని కరిగించే ముందు...

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య మా పెద్దమ్మ పోయాక ఆమె సందూకు తెరిస్తే చీరల అడుగున గుడ్డలో మూటకట్టిన పదకొండు హాలీ రూపాయలు, అంటే నిజాం కాలం నాటి వెండి నాణేలు, దొరికాయి. నేను ఊరికి వెళ్లేసరికే మా అన్న పదింటిని వెండి దుకాణంలో తూకానికి ఇచ్చేశాడు. అవి అప్పటికే కరిగిపోయాయి. "నల్లబడ్డయి కదరా, ఏం చేసుకుంటం?" అన్నాడు. దేవుడి గూట్లో పెట్టుకుంటానని వదిన తీసుకున్న ఒక్కటి మాత్రం మిగిలింది.

దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. నడుమ చార్మినార్. దాని గుమ్మంలో బియ్యపు గింజంత ఉర్దూ అక్షరం, 'ఐన్'. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం అది. వాళ్ల నాన్న మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిదైతే అదే చోట 'మీమ్' ఉంటుంది. ఏడాది ముస్లిం పంచాంగం ప్రకారం 1330 హిజ్రీ. ఆ ఉర్దూ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్కే, మావాళ్లు దాన్ని మచ్చ అనుకున్నారు. 1330 మొదలైంది మన 1911 డిసెంబరులో. ఉస్మాన్ గద్దెనెక్కిందీ ఆ 1911లోనే. కరిగిపోయిన పదింటి మీద ఏ అక్షరం ఉందో, ఏ ఏడాది ఉందో ఎవరూ చూడలేదు. నా బాధంతా అదే.

హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే తూకానికి అమ్మితే చేతికొచ్చేది తొమ్మిది గ్రాముల వెండి ధర. సేకరించేవాళ్లు చూసేది వేరు. ఏ ఏడాది, ఎంత అరుదు, అక్షరాలు ఎంత అరిగాయి అని చూస్తారు. అన్నీ లక్షలు పలకవు, చాలావాటికి వెండి ధర కంటే కొంచెమే ఎక్కువ వస్తుంది. కానీ ఏది ఏదో తెలిసేది చూస్తేనే కదా! దండలో గుచ్చడానికి కొండి అతికించినా, చింతపండుతో తోమి తెల్లగా చేసినా విలువ పడిపోతుంది. ఆ నలుపును అలాగే ఉంచాలి.

ఇంకోవైపు పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్లు చేసి, ముందు కమీషన్ కట్టమనే మోసగాళ్లున్నారు. తమ పేరు వాడుకుని ఇలా డబ్బు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. జనం అటు వీళ్ల చేతిలోనో, ఇటు కొలిమిలోనో నష్టపోతున్నారు. మధ్యలో నిజం చెప్పేవాళ్లు లేరు.

పురావస్తు శాఖకు నా విన్నపం ఒక్కటే. మూడు నెలలకోసారి ప్రతి జిల్లా కేంద్రంలో నాణేలు తెలిసిన ఒకరిని ఒక్కరోజు కూర్చోబెట్టండి. కొనక్కర్లేదు, ధర కట్టక్కర్లేదు. ఇది ఫలానా కాలానిది, తోమకండి అని చెబితే చాలు.

అప్పటిదాకా మీ ఆదివారం పేజీలో సున్నా నుంచి తొమ్మిది దాకా ఆ ఉర్దూ అంకెలు చదివే పట్టిక, పక్కన చార్మినార్ గుమ్మంలోని ఆ రెండు అక్షరాల బొమ్మలు అచ్చువేయండి. మా వదినలాంటి వాళ్లు కత్తిరించి సందూకులో దాచుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కరీంనగర్