కాయే లేని నెలలో శాంపిల్ ఎక్కడిది?

సంపాదకులకు,

అయ్యా, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి (కన్సెంట్) రెన్యువల్ చేయించుకోని మామిడి గుజ్జు యూనిట్లను మూయిస్తామని అధికారులు హెచ్చరించినట్టు పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చింది. మూయించండి, కాదనేదేముంది? రాత్రిపూట వెనక గేటు నుంచి కాలువలోకి నీళ్లొదిలే వాళ్లకు తాళం పడితే ముందు సంతోషించేది మాలాంటి వాళ్లమే. కానీ రెన్యువల్ ఎందుకు ఆగిందో ఒక్క యూనిట్ వాళ్లనైనా అడిగి రాశారా?

మాది చిత్తూరు పక్కన చిన్న యూనిట్. తోతాపురి ఉన్నన్నాళ్లే పని. జూన్, జూలై, మహా అయితే ఆగస్టు. తర్వాత వాచ్‌మన్ తప్ప లోపల మనిషి ఉండడు. సీఎఫ్‌వో (యూనిట్ నడపడానికిచ్చే కన్సెంట్) గడువు మాత్రం మార్చితో తీరుతుంది. ముందుగానే దరఖాస్తు పెడితే ఆఫీసులో అడిగింది గత నెల ఈటీపీ (వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు) నీళ్ల ల్యాబ్ రిపోర్టు. ఫిబ్రవరిలో కాయే లేదు మహాప్రభో! కడిగేదేంటి, నీళ్లొచ్చేదెక్కడ? సీజన్లో తీయించిన రిపోర్టు చూపిస్తే అది పాతదట. ట్యాంకులో బోరు నీళ్లు పోసి శాంపిల్ ఇచ్చేయమని చెవిలో చెప్పిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. నదిలోకి వదలాలంటే బీవోడీ (నీళ్లలో కుళ్లే మలినం ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లయితే భేషుగ్గా పాసవుతాయి. దీన్ని తనిఖీ అంటారన్నమాట.

1974 నాటి నీటి కాలుష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు పెట్టిన నాలుగు నెలల్లో ఇస్తామనో, ఇవ్వమనో తేల్చకపోతే కన్సెంట్ ఇచ్చినట్టే లెక్క. అయితే ఆ దరఖాస్తు అన్ని విధాలా సంపూర్ణంగా ఉండాలి. మెలికంతా అక్కడే. గడువు దగ్గరపడేసరికి ఇంకో కాగితం గుర్తొస్తుంది. ఒకసారి సీఏ సర్టిఫికెట్, ఒకసారి లేఅవుట్ ప్లాన్, ఒకసారి ముందే ఇచ్చిన దానికే మళ్లీ సంతకం. అంతా ఆన్‌లైన్ అన్నారు గానీ, అడగడానికి మాత్రం మనిషే వెళ్లాలి, అక్కడ సీట్లో మనిషుండడు. ఇలా దరఖాస్తు ఎప్పటికీ సంపూర్ణం కాదు, నాలుగు నెలలు ఎప్పటికీ మొదలే కావు. ఈలోగా ర్యాంపుల్లో (రైతుల దగ్గర కాయ కొనే చోట్ల) కాయ కుప్పలు పడుతుంది. అప్పుడు 33ఎ సెక్షన్ బయటికి తీసి కరెంటు కట్ చేయిస్తామంటారు. కోసిన కాయ కరెంటు వచ్చేదాకా ఆగుతుందా? రైతుకు డబ్బులెవరివ్వాలి?

అదే చట్టం ఫ్యాక్టరీ నీళ్లకే కాదు, ఊరి మురుగుకూ వర్తిస్తుంది. నీవా నది వంతెన ముక్కు మూసుకోకుండా దాటి చూడండి. ఆ మురుగుకు కన్సెంట్ ఎవరిచ్చారో, ఏ ఏడాది రెన్యువల్ అయ్యిందో మీ విలేకరిని కనుక్కోమనండి. చిన్నవాడి గేటు దొరికినంత సులభంగా ఆ కాలువల చిరునామా దొరకదు కాబోలు.

మేమడిగేది పెద్ద కోరికేం కాదు. సీజన్ మీద నడిచే యూనిట్లకు గడువు సీజన్ అయ్యాక పెట్టండి. శాంపిల్ తీసుకునే అధికారం చట్టమే ఇచ్చింది కదా, జూలైలో చెప్పకుండా వచ్చి ఈటీపీ అవుట్‌లెట్ దగ్గర మీ చేత్తోనే సీసా నింపుకోండి. ఇక మీ పత్రికకు ఒక మాట: ఈసారి రెన్యువల్ కాని యూనిట్ల జాబితా అచ్చువేస్తే, దరఖాస్తే పెట్టని వాళ్లను, పెట్టి జవాబు కోసం చూస్తున్న వాళ్లను విడివిడిగా వేయండి.

- ఒక చిన్న గుజ్జు యూనిట్ యజమాని, చిత్తూరు